విద్యార్థుల లఘుచిత్రము – పెద్దల పాత్ర

ఒకప్పుడు చదువుకొను పిల్లలకు కథ చెప్పవలెనను కోరిక పుట్టినచో కాగితమును కలమును వెదకెడివారు. నేడు సెల్‌ఫోను చేతబట్టి పది నిమిషముల చిత్రము తీయుచున్నారు. దీనినే లఘుచిత్రమనియు, వాడుకలో షార్టు ఫిల్ము అనియు పిలుతురు. గ్రామములందును ఈ యలవాటు వ్యాపించినది. పిల్లలు మన యింటికి వచ్చి, "మీ అరుగు మీద ఒక సీను తీసుకుంటాము తాతయ్యా" యని యడుగుట మీలో పలువురకు అనుభవమే కావచ్చును. ఆ చిత్రము పరీక్షల వలన పిల్లల మనస్సుపై బడు భారమును గూర్చినదైనప్పుడు మనము అరుగు నిచ్చి యూరకుండరాదు. అట్టి చిత్రమును ఎట్లు యోచించి తీయవలయునో, అందు పెద్దలు చేయవలసిన పని యేమో విన్నవించుటకై నేనీ ప్రసంగమును బూనితిని.

ముందుగా ఆ భారమెట్టిదో చూతము. నా బాల్యమున పరీక్ష తప్పినవాడు మఱుసటి యేడు మరల కూర్చుండెడివాడు. ఊరివారు నాలుగు దినములు చెప్పుకొని మఱచెడివారు. నేడు పదవ తరగతి ముగియగానే పదునైదేండ్ల పిల్లలను పలువురము హాస్టలుగల కళాశాలలలో చేర్చుచున్నాము. అందు అనేకచోట్ల తెల్లవాఱకమునుపు మొదలైన చదువు రాత్రి పొద్దుపోవువఱకు సాగును. వారము వారము పరీక్ష. ఆ మార్కులు తండ్రి సెల్‌ఫోనునకు సందేశముగా వచ్చును. ఫలితములు వెలువడిననాడు పత్రికలలో, టెలివిజనులో, కూడలిలోని పెద్దపెద్ద బోర్డులపై ర్యాంకులు పొందినవారి ముఖములును వాని క్రింద అంకెలును గానవచ్చును. ఎం.పి.సి. మొదటి సంవత్సరమునకు చిరకాలము మొత్తము 470 మార్కులుండెడివి. 467 వచ్చిన పిల్ల బొమ్మ బోర్డునకెక్కెను. 400 వచ్చిన పిల్ల తన యింటనే తలవంచుకొని నడచెను. నూటికి ఎనుబదియైదు తెచ్చిన బిడ్డ తలవంచుకొనుట ఏ లెక్కకు సరిపడునో నాకు బోధపడదు.

ఇంకొక లెక్క వినుడు. 2024వ సంవత్సరమున జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష వ్రాసినవారు దేశమంతటను 14 లక్షలకు పైబడిరి. ఆ యేడు ఐ.ఐ.టి. లన్నిటియందును కలిపి యున్న సీట్లు 17,740. అనగా నూటికి ఇద్దఱికైనను చోటు లేదు. తక్కినవారందఱు మందబుద్ధులు గారు, కుర్చీలే తక్కువ. ఈ సంగతి పిల్లలకు తెలియును. ఇండ్లలోని పెద్దలకు తెలియకున్నది. మన మెల్లరము మన పిల్లయే ఆ యొక్కరగునని నమ్మి పంపుదుము.

దీని ఫలము కొన్ని యిండ్లలో ఘోరముగా నున్నది. జాతీయ నేర గణాంకముల సంస్థవారి లెక్కలో 2022వ సంవత్సరమున మనదేశమున 13,044 మంది విద్యార్థులు బలవన్మరణము పాలైరి. అన్నిటికిని పరీక్షలే కారణమని చెప్పరాదు. ఇట్టి మరణమునకు తఱచు పెక్కు కారణములు కలిసి యుండును. కాని 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చిన కొలది దినములలోనే పలువురు పిల్లలు ప్రాణములు విడిచిన సంగతి మనమెఱుగుదుము. ఆ ఫలితములలో తప్పులు దొరలినవని పిదప తేలెను. తెలుగు పరీక్షలో ఒక బాలికకు మొదట సున్న వేసి, మరల చూచి 99గా దిద్దిరి. అంకెయే తప్పు కావచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఇది పిల్లల కథయే కాని, వారితోపాటు మన కథయును.

ఇక చిత్రము సంగతి. బాల్యము విడిచి యుక్తవయస్సున అడుగిడు ఘడియను జూపు కథలు ఒక జాతి. వానిలో ముఖ్యము మీసము మొలచుట గాదు, ర్యాంకు వచ్చుట గాదు. ఒక పిల్ల తన మనస్సులోని నిజమును మొదటిసారి తన నోటితో పెద్దల యెదుట చెప్పుటయే ఆ గడప దాటుట. ఇది మనకు క్రొత్త విషయము గాదు. తెలుగువారి మొదటి టాకీ చిత్రము "భక్త ప్రహ్లాద". హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున తయారై 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. ఆ కథను భక్తికథగానే వినుచుంటిమి. ఇంటి కథగా ఒక్కమారు వినుడు. తండ్రి కుమారుని గురువులకప్పగించెను. కొంతకాలమునకు పిలిపించి, తొడపై కూర్చుండబెట్టుకొని, ఏమి చదివితివని యడిగెను. బాలుడు తన మనస్సులోని మాట చెప్పెను. అది తండ్రి కోరిన జవాబు గాదు. తండ్రి కోపము ముందు గురువులపై, పిదప బిడ్డపై బడినది. మన సినిమా మాటలాడ నేర్చిననాడే చదువును గూర్చి తండ్రి యడిగిన ప్రశ్నను, కొడుకు చెప్పిన నిజమును వినిపించినదన్నమాట.

ఇరాను దేశమున అబ్బాస్ కియరోస్తమీ యను దర్శకుడు 1987లో తీసిన చిత్రమొకటి కలదు. దాని పేరునకు "స్నేహితుని యిల్లెక్కడ?" యని యర్థము. ఒక పల్లెటూరి బాలుడు పొరబాటున తన తోటివాని నోటుపుస్తకమును ఇంటికి తెచ్చును. ఆ పుస్తకములో పాఠము వ్రాసి తేకున్నచో ఆ తోటివానిని బడినుండి వెడలగొట్టుదునని అయ్యవారు చెప్పియున్నారు. బాలుడు తల్లితో ఈ మాట పదేపదే చెప్పును. ఆమె ఇంటిపనులలో బడి వినదు. తాత వానిని సిగరెట్లు తెమ్మని పంపును. తాత కడ సిగరెట్లు లేక గాదు; పిల్లవానికి అణకువ నేర్పుటకట! వాడు కొండదారిని పరుగెత్తి పొరుగూరు చేరియు స్నేహితుని యిల్లు కనుగొనలేడు. తుదకు తానే రెండు పుస్తకములలోను పాఠము వ్రాసి, మఱునాడు స్నేహితుని గాపాడును. ఇందు నటించినవారు పేరుపడ్డ నటులు గారు, సామాన్యులు. చావు లేదు, కేకలు లేవు. ఒక పుస్తకము, ఒక బాలుడు, వినని పెద్దలు, ఇంతే. అయినను చూచువాని గుండె దడదడలాడును. ఆ దర్శకుడే 1989లో ఇంటిపాఠములను గూర్చి బడిపిల్లలను ప్రశ్నించుచు మఱియొక చిత్రము తీసెను. అందు దండన యన నేమో పిల్లలకు బాగుగా తెలియును. మెచ్చుకోలు అను మాటకే పలువురకు అర్థము తెలియదు.

మా గ్రామమున ఇంటర్మీడియెట్ చదువు పిల్లలు నలుగురు వేసవి సెలవులలో నా కడకు వచ్చి, తాము వ్రాసిన కథను దిద్దుమనిరి. ఇరువదియైదు పుటల కథ. అందొక బాలుడు పరీక్ష తప్పును, తండ్రి తిట్టును, అయ్యవారు అవమానించును, బాలుడు చనిపోవును, అందఱును శవముపై బడి యేడ్తురు. చదివి, "ఇది చూచి లేచిపోవు మీ యీడు పిల్ల ఇంటికేమి తీసికొనిపోవును?" అని యడిగితిని. కొంతసేపు ఎవరును బలుకలేదు. పిదప ఒక బాలిక, "చచ్చిపోతేనే మన మాట వింటారు అనిపిస్తుంది మాస్టారూ" అని మెల్లగా చెప్పెను. ఆ మాటతో ఆ కథ అచ్చటనే నిలిచిపోయినది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో సినిమాలు, నాటకములు తీయువారికై ఒక మార్గదర్శకమును ప్రకటించిరి. బలవన్మరణమును కన్నులకు కట్టినట్లు చూపరాదనియు, దానిని కష్టములకు పరిష్కారముగా జూపరాదనియు, ఇతరుల సాయముతో గట్టెక్కినవారిని జూపవలెననియు అందలి సారము. ఆ పిల్ల తన యనుభవముతో చెప్పినదియు, పండితులు విచారించి చెప్పినదియు ఒక్కటే.

అందుచేత మొదటి పని, కథను ఒక్క వాక్యమునకు గుదించుట. రెండు దినములు తర్కించి పిల్లలు ఈ వాక్యమును గోడపై వ్రాసికొనిరి: "హాస్టలు నుండి ఒక్క రాత్రికి ఇంటికి వచ్చిన పిల్ల, తనకు లెక్కలు రావడం లేదని నాన్నకు చెప్పగలుగుతుందా?" పది నిమిషముల చిత్రమునకు ఇంతకు మించిన కథ పట్టదు. ఒక రాత్రి, మూడు చోట్లు – బస్సు ఆగు చోటు, వీధి, ఇల్లు, నలుగురు మనుష్యులు – పిల్ల, తండ్రి, తల్లి, నాయనమ్మ. ఈ వాక్యమునకు పనికిరాని దేదియైనను, ఎంత యందముగా నున్నను, తీసివేయవలసినదే.

పిదప ఘట్టముల వరుస. పొద్దుగ్రుంకువేళ పిల్ల బస్సు దిగును. టీ కొట్టువాడు, "ఎన్ని మార్కులమ్మా?" యనును. ఎదురుపడిన మామయ్య, "ర్యాంకు వస్తుందా?" యనును. ఇరుగుపొరుగువారు అదే ప్రశ్న. నాయనమ్మ యొక్కతె మాత్రము, "ఏం తింటున్నావే అక్కడ?" అనును. భోజనముల వేళ గూటిలోని తండ్రి ఫోను మ్రోగును, మార్కుల సందేశము. తండ్రి చేయి కడిగికొని చూతునని యనును. ఆ కొలదిసేపే చిత్రమునకు ఊపిరి. రాత్రి వాకిటిలో తండ్రి పగ్గము పేనుచుండగా పిల్ల వచ్చి కూర్చుండి చెప్పును. తండ్రి చేయి ఆగును. చాలసేపటికి, "ఎప్పటి నుంచమ్మా?" అని యడుగును. చిత్రమంతటిలో మార్కులు గాని ప్రశ్న తండ్రి నోట అదియే మొదటిది. తెల్లవాఱినపిదప బస్సు వచ్చును. సంచి యందించి దిగవలసిన తండ్రి తానును బస్సులో కూర్చుండును. కళాశాలకు పోయి అయ్యవారితో మాటలాడుటకని మనకు తెలియును. అంతటితో ముగింపు. పిల్ల ర్యాంకు తెచ్చుకొన్నదా, చదువు మార్చుకొన్నదా అనునది చూపలేదు.

ఇట్టి చిత్రములలో తండ్రిని రాక్షసుని జేయుట మిక్కిలి సులభము. కాని అది నిజము గాదు. ఫీజునకై అప్పు దెచ్చిన తండ్రి తాను పడిన కష్టము బిడ్డ పడరాదనియే మార్కు లడుగుచున్నాడు. ఆ ఫీజు రసీదులను దేవుని పటము వెనుక దాచుకొన్నట్లు ఒక్క క్షణము జూపిన చాలును, ఉపన్యాస మక్కఱలేదు. తండ్రిపై కసి తీర్చుకొను చిత్రమును ఏ తండ్రియు చివరివఱకు చూడడు. తానే యందున్నాడని తోచిన తండ్రి లేవక చూచును.

సంభాషణల విషయము. నేను పాతపద్ధతిని గ్రాంథికమున వ్రాయువాడను. అయినను తెఱపై మనుష్యులు తమ యూరి మాటయే మాటలాడవలయును. పిల్లలు మొదట, "నాన్నా, మీ ఆశల బరువు నేను మోయలేకపోతున్నాను" అని వ్రాసికొని వచ్చిరి. ఏ పిల్లయు ఇంటిలో ఇట్లు మాటలాడదు. దానిని గొట్టివేసి, "నాన్నా, లెక్కలు నాకు రావట్లేదు" అని వ్రాయించితిని. కంటికి గనబడు దానిని నోట చెప్పింపరాదనునది రెండవ నియమము. పిల్ల అన్నము కలిపి తినకున్నచో, "నాకు ఆకలి లేదు" అను మాట వ్యర్థము.

వ్రాత ముగిసిన పిమ్మట లెక్క. స్క్రిప్టు ఒక పుట యైనచో తెఱపై సుమారొక నిమిషమగునని సినిమావారి అంచనా. పది పుటలు దాటరాదు. ఆ పుటలను షాట్లుగా విభజింతురు. కెమేరా ఒకచోట నిలిచి ఒక్కమారుగా చూచినది ఒక షాటు. ఒక్కొక్క షాటునకు ఒక గడి గీసి, అందు ఎవ రెచ్చట నుందురో పుల్లల బొమ్మలతో వేసి, క్రింద ఏమి వినబడునో వ్రాయుదురు. తీయునప్పుడు కథ వరుసను పాటింపరు. వాకిటిలోని షాట్లన్నియు ఒక రాత్రి, బస్సు కడవన్నియు ఒకనాడు తీయుదురు. చూచువారికి ఇది తికమకగా దోచును. అందువలననే ఎవరు ఏ బట్ట గట్టిరి, జడకు ఏ రిబ్బను, పళ్లెములో అన్న మెంత యున్నది యని వ్రాసికొనుటకు ఒకరిని ప్రత్యేకముగా నియమింపవలయును. లేనిచో ఒక షాటులో సగమైన అన్నము మఱు షాటులో నిండుగా గానవచ్చి జనులు నవ్వుదురు.

సెల్‌ఫోను మంచి కెమేరాయే. దానిని అడ్డముగా బట్టవలయును, చేత గాక స్టాండుపై నిలుపవలయును, అద్దమును మెత్తని గుడ్డతో తుడువవలయును. తీయునప్పుడు పిలుపులు రాకుండ విమానపు గుర్తు నొక్కి యుంచవలయును. సంధ్యవెలుగు కొలదిసేపే నిలుచును గనుక బస్సు దిగు ఘట్టమునకు రెండు సాయంకాలములు కేటాయింపవలయును. పిల్లల చిత్రములు తఱచు చెడునది బొమ్మ వలన గాదు, ధ్వని వలన. దూరమున నున్న ఫోనునకు మాట చక్కగా చేరదు. కావున రెండవ ఫోనును మాటలాడువాని చెంత, గుడ్డల మాటున దాచి, మాటను మాత్రము పట్టించుకొనవలయును. మొదట ఒక్క చప్పట్లు గొట్టినచో, పిదప బొమ్మను ధ్వనిని జతపఱచుటకు ఆ చప్పుడే గుర్తు. ఎవరును బలుకని వాకిటి నిశ్శబ్దమును ఒక నిమిషము పట్టియుంచుకొనుడు. కీచురాళ్లును, దూరపు మోటారును గల ఆ నిశ్శబ్దము కూర్పులో మిక్కిలి పనికివచ్చును.

సినిమాపాటలను ఎత్తి పెట్టుకొనరాదు; 1957నాటి కాపీరైటు చట్టము వానికి కలదు. పాట లేకున్నను ఈ కథకు లోటు లేదు. మైనరు పిల్లలు నటించుచున్నచో తలిదండ్రుల యనుమతిని కాగితముపై తీసికొనవలయును. ఇక కాలము. వ్రాతకు రెండు వారములు, అభ్యాసమునకు ఒక వారము, తీయుటకు నాలుగు దినములు, కూర్పునకు పది దినములు చాలును. ఇంటర్మీడియెట్ పరీక్షలు జరుగు ఫిబ్రవరి మార్చి నెలలలో దీని జోలికి పోరాదు. పరీక్షల బరువును గూర్చిన చిత్రము పరీక్షవేళ మఱియొక బరువు గారాదు గదా!

ఇప్పుడు పెద్దల పాత్ర. మా చిత్రమున తండ్రి వేషము వేసినవాడు నిజముగా సేద్యము చేయు వాడే. పగ్గము పేనుట యతనికి నేర్పనక్కఱలేదు. కాని "ఎప్పటి నుంచమ్మా?" అను రెండు మాటలు రాలేదు. మొదటిసారి అరచినట్లు పలికెను, రెండవసారి నవ్వెను. పిదప కొంతసేపు ఊరకుండి, "ఈ మాట నేను ఇంట్లో ఎప్పుడూ అనలేదండీ" యని నాతో ననెను. మూడవసారి పగ్గము వైపే చూచుచు మెల్లగా నడిగెను. చిత్రములో నున్నది ఆ మూడవదే. పెద్దలు వేషము వేయుటలో గల ప్రయోజన మిది. మనము ఎన్నడు ననని మాటను ఒక్కమారైనను నాలుకపై నుంచుకొందుము. నటింపవలదు, ఉపన్యసింపవలదు. చివర నీతిపద్యము చదివింపుమని పట్టుబట్టకుడు. పిల్లలు వ్రాసిన మాట మనకు నొప్పి గలిగించినను కొట్టివేయింపకుడు.

చిత్రమును పంచాయతీ కార్యాలయము ముంగిట తెల్లని గోడపై ప్రదర్శింపవచ్చును. అది పది నిమిషములు. దాని తరువాతి యరగంట ముఖ్యము. ముందుగా పిల్లలు మాటలాడవలెను; పెద్దలు వినవలెను. ఎవరి మార్కులును ఆ సభలో నడుగరాదు. ఏ పిల్లయైనను తిండి నిద్ర మానినను, తన వస్తువులను ఊరక పంచిపెట్టుచున్నను, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాట యాడినను, ఆ పిల్లను ఏకాంతమున కూర్చుండబెట్టుకొని, చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగా నడుగవలయును. అడిగినందున ఆ తలంపు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినందున బరువు దిగును. ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10న "టెలీ మానస్" అను సాయమును నెలకొల్పిరి. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా మాటలాడుదురు, తెలుగునను మాటలాడవచ్చును. ఆ సంఖ్యను చిత్రము చివర తెఱపై వ్రాయింపుడు. పంచాయతీ గోడపైనను వ్రాయింపుడు.

మీ యూరి పిల్లలు ఇట్టి పనికి బూనుకొన్నచో, వారికి అరుగుతోపాటు మీ వీనులను గూడ నీయుడు. ఇట్టి చిత్రము లేకున్నను ఫరవాలేదు. రాబోవు సెలవులకు పిల్ల బస్సు దిగినప్పుడు, మార్కుల మాట మఱునాటికి వాయిదా వేసి, ముందుగా అన్నము పెట్టి, అక్కడ ఎట్లున్నదో యడిగి, ఆమె చెప్పునది తుదివఱకు వినుడు. సెలవు.